సీడీలో మిగిలిన జాగా

మౌలాలి ఉస్తాద్ అన్నది ఒకే ఒక మాట. "జైబు బాగా తగ్గించిందప్పా, నీకన్నా." అంతే. అని మళ్ళీ చేతిలోని బ్రష్షుతో పాత కంప్యూటరు లోపలి దుమ్ము దులుపుకుంటూ కూర్చున్నాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి ఓబులేసుకు అన్నం సయించలేదు.

కొండ కింద దర్గాకు ఆనుకొని ఒక ముసాఫర్‌ఖానా ఉంది. ఒకప్పుడు ఉరుసుకు వచ్చినవాళ్ళు పడుకునే గదులవి. అందులో చివరి గది ఉస్తాద్‌ది. ఆయన వయసులో ఉన్నప్పుడు రేడియోలు బాగుచేసేవాడు. తర్వాత టీవీలు వచ్చాయి, ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, ఆయన చేయి మాత్రం అదే. ఆఫీసులవాళ్ళు మూలన పడేసిన కంప్యూటర్లను అడిగి తెచ్చుకుంటాడు. తుడిచి, అతికించి, లేపి నిలబెట్టి పల్లెటూరి బడులకు ఊరికే ఇచ్చేస్తాడు.

పని నేర్చుకుంటామని వచ్చినవాళ్ళను కాదనడు. నేర్పిస్తానని కూడా అనడు. పక్కన కూర్చోనిస్తాడు. దర్గాలో వండిన అన్నం తినాలి, ఆయన చేసేది చూడాలి. చూసి నేర్చుకోలేనివాళ్ళు కొన్నాళ్ళకు వాళ్ళంతట వాళ్ళే వెళ్ళిపోతారు. అలా వెళ్ళిపోకుండా నిలబడ్డవాడు ఓబులేసు. ఏళ్ళ తరబడి ఆ గదిలో ఉస్తాద్ తర్వాత అతనే. ఉస్తాద్ నమాజుకు వెళ్ళినప్పుడు వచ్చినవాళ్ళతో మాట్లాడేది అతనే, బడులకు ఫోన్లు చేసేది అతనే, ఇమేజి తయారుచేసేది కూడా అతనే.

ఇమేజి అంటే బొమ్మ కాదు. కంప్యూటరు నడవాలంటే దాని లోపల ఒక ఆపరేటింగ్ సిస్టం ఉండాలి. ఆ సిస్టం సరుకంతా ఒకే మూటగా కడితే దాన్ని ఇమేజి అంటారు. ఆ మూటను సీడీ మీదికి ఎక్కించి, సీడీని కంప్యూటరులో పెట్టి, అది అడిగిన నాలుగు ప్రశ్నలకు జవాబు చెబితే చాలు, ఉలుకూ పలుకూ లేని డబ్బా లేచి కూర్చుంటుంది. కొత్త కంప్యూటర్లకైతే పెన్‌డ్రైవ్ సరిపోతుంది. ఉస్తాద్ తెచ్చే ముసలివాటికి సీడీయే దిక్కు.

సీడీలో పట్టేదేమో ఏడువందల ఎంబీ. బయట దొరికే సిస్టమేమో దానికి మూడింతలు. కాబట్టి ఆ మూటను విప్పి, అక్కరలేనివి తీసేసి, బడిపిల్లలకు కావలసినవి కలిపి, సీడీలో పట్టేలా మళ్ళీ కట్టాలి. ఎండాకాలం సెలవుల్లో ఆ గదిలో జరిగే అసలు పని అదే. మిగతాదంతా దుమ్ము దులపడమే.

ఆ పనికి ఒక మర్యాద కూడా ఉంది. ఉస్తాద్ ఎవరి ఇమేజిని ఎంచుకుంటే వాళ్ళు, కంప్యూటర్లు తీసుకుపోవడానికి బడివాళ్ళు వచ్చిన రోజున, అందరి ఎదుటా మొదటి కంప్యూటరు ముందు కూర్చుని సీడీ పెడతారు. ఉస్తాద్ వెనక నిలబడతాడు. ఏడాదంతా ఆయన కూర్చుంటే శిష్యులు నిలబడతారు. ఆ ఒక్క పూట శిష్యుడు కూర్చుంటాడు, ఆయన నిలబడతాడు. ఆ కుర్చీ ఇన్నేళ్ళుగా ఓబులేసుది. దాని మీద కూర్చోవడం కోసమే అతను మిగతా ఏడాదంతా నిలబడేవాడు అన్నా తప్పులేదు.

ఇంతలో జైబున్నీసా వచ్చింది.

ఊళ్ళో జిరాక్స్ షాపులో పనిచేస్తూ, ఆ పని మానేసి వచ్చింది. మాట్లాడేది తక్కువ, అడిగేది ఎక్కువ. ఓబులేసును "అన్నా" అని పిలిచేది. అసూయపడదామనుకున్న మనిషికి అదొక ఇబ్బంది. ఎదుటివాళ్ళు పొగరుగా ఉంటే పని సులువవుతుంది. ఈమె పొగరుగా కూడా ఉండదు. అన్నా, ఇదెట్ల? అన్నా, అదెందుకు? అని వచ్చి నిలబడుతుంది.

ఓబులేసు మొదట్లో బాగానే చెప్పాడు. ఒకరోజు టీ వచ్చినప్పుడు ఉస్తాద్ మొదటి గ్లాసు తీసి జైబు చేతికిచ్చాడు. ఆమె తలుపు దగ్గర కూర్చుంది కాబట్టి ఇచ్చాడు. ఓబులేసుకూ ఆ సంగతి తెలుసు. తెలిసినా ఆ పూట టీ చేదుగానే ఉంది. ఆ రోజు నుంచి అతను గ్లాసులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

మూట మళ్ళీ కట్టేటప్పుడు సరుకును గట్టిగా కుదించే పద్ధతి ఒకటుంది. జైబు అడిగితే మొదలు నుంచి అన్నీ చెప్పాడు, ఆ ఒక్కటి తప్ప. మరిచిపోయి కాదు. కావాలనే మింగేశాడు. ఆమె కట్టిన మూట సీడీలో పట్టలేదు. ఓబులేసుకు ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువే దిగింది.

మరునాడు జైబు నవ్వుకుంటూ వచ్చింది. "అన్నా, నువ్వు చెప్పినట్టే చేస్తే చివర్లో ఒకటి తక్కువైంది. హెల్పు పేజీలన్నీ తిరగేస్తే దొరికింది. నువ్వు చెప్పకుంటే అసలు మొదలే పెట్టలేకపోదును."

ఆ థాంక్సు పుండు మీద కారంలా తగిలింది. ఇక అప్పుడు ఉస్తాద్ అన్నాడు, ఆ మాట. జైబు బాగా తగ్గించిందప్పా, నీకన్నా.

ఓబులేసు పంతం పట్టాడు. తన ఇమేజిని మళ్ళీ విప్పాడు. అన్నిటికన్నా ముందు తీసి పారేసింది ఆ హెల్పు పేజీలనే.

అంతవరకూ అతను ఇమేజి కట్టేటప్పుడు బడులను తలచుకునేవాడు. ఫలానా ఊళ్ళో కరెంటు నిలవదు, ఫలానా టీచరుకు ఇంగ్లీషు చదవడం కష్టం, అని ఒక్కొక్కటి పెట్టుకుంటూ పోయేవాడు. ఈసారి పక్కన జైబు ఇమేజి తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె ఉంచినది ఏదైతే కనిపిస్తుందో దాన్ని తనదాంట్లోంచి తీసేశాడు. మౌసుతో బొమ్మలు గీసేది ఒకటి ఆమె ఉంచింది, పిల్లలకు చేయి తిరుగుతుందని. ఓబులేసు దాన్ని తీసేశాడు. తీసేశాక గుర్తొచ్చింది, ఏటా తానూ దాన్ని ఉంచేవాడినని. గుర్తొచ్చినా తిరిగి పెట్టలేదు.

పాటలు పాడేది పోయింది. ప్రింటర్లవి పోయాయి. ఆ తర్వాత డ్రైవర్ల దగ్గరికి వచ్చాడు. డ్రైవర్లంటే, ఏ వస్తువుతో ఎలా మాట్లాడాలో కంప్యూటరుకు చెప్పే చిన్న చిన్న ముక్కలు. ఒక్కొక్కటి చిటికెడు ఉంటుంది, తీసేసినా కలిసొచ్చేది పెద్దగా ఏమీ లేదు. కానీ అసూయ పట్టినవాడికి చిటికెడు కూడా ఎక్కువే అనిపిస్తుంది. ఇదెవడు వాడతాడు ఇప్పుడు, అదెవడి దగ్గరుంది, అనుకుంటూ పాత సామానుకు చెందినవన్నీ ఊడ్చేశాడు.

ఇంటికి పోయినా అదే యావ. సంగటి ముందర కూర్చున్నవాణ్ణి భార్య, "ఉప్పు ఎక్కువైందా?" అని అడిగితే, "ఇంకా తగ్గించొచ్చు," అన్నాడు. ఆమె మరునాడు ఉప్పు లేకుండా వండింది. అతను గమనించనేలేదు.

చివరికి మూట కట్టి, గదిలో తన బల్ల మీది కంప్యూటరులో పెట్టి చూశాడు. గడగడా నడిచింది. జైబు ఇమేజిలో సగం ఉంది. ఓబులేసుకు ఒళ్ళు తేలికైంది. సీడీ తీసుకుని ఉస్తాద్ దగ్గరికి వెళ్ళాడు.

"చూడండి ఉస్తాద్. సగానికి తెచ్చినా."

"దేంట్లో సగం?"

"ఆయమ్మ దాంట్లో."

ఉస్తాద్ కళ్ళద్దాలు పైకి తోసుకుని అతని వైపు చూశాడు. "సీడీలో పట్టాల అన్నానప్పా నేను. ఆయమ్మ దాంట్లో పట్టాల అన్నానా?"

ఓబులేసు నవ్వేశాడు. పెద్దాయన ఏదో పరాచికం ఆడాడనుకున్నాడు. "చిన్నదుంటే మంచిదే కద ఉస్తాద్."

"మంచిదే," అన్నాడు ఉస్తాద్. కొంచెంసేపు ఆ సీడీని వేలికి తగిలించుకుని తిప్పాడు. "కావలసినవన్నీ ఉండాయా దీంట్లో?"

"అన్నీ ఉండాయి."

"సరే. ఈ ఏడు నీదే పెడదాం."

ఓబులేసు ఆ మాట కోసమే ఎన్నాళ్ళుగానో ఎదురుచూశాడు. వినగానే తల తిప్పి జైబు వైపు చూశాడు. ముఖం ముడుచుకుపోయి ఉంటుందని ఆశ.

జైబు లేచి దగ్గరికి వచ్చింది. "సగానికా? ఎట్ల చేసినావన్నా? తీరిక చేసుకుని నాకూ చూపియ్యన్నా." ఆమె కళ్ళలో నిజంగానే సంతోషం ఉంది.

ఏడవాల్సిన మనిషి నవ్వింది. ఓబులేసు గెలుపు అక్కడికక్కడే చప్పబడిపోయింది. "ముందు సీడీలు రైట్ చెయ్యి. జాగ్రత్తగా చెయ్యి," అన్నాడు, యజమానిలా గొంతు పెట్టి. ఆమె సరేనని కూర్చుని, ఏదో పాట కూనిరాగం తీస్తూ, ఆ ఇమేజిని సీడీల మీదికి ఎక్కించడం మొదలుపెట్టింది. ఆ కూనిరాగం కూడా అతనికి నచ్చలేదు.

బడివాళ్ళు వచ్చే రోజు వచ్చింది. ఆ ఏడు కంప్యూటర్లు కొండల అవతలి పల్లె బడికి. ఆ బడి టీచరు రుక్మిణమ్మ జీపు మాట్లాడుకుని, ఊళ్ళోవాళ్ళు నలుగురిని వెంటపెట్టుకుని పొద్దున్నే బయలుదేరి వచ్చింది. ఒక గోనెసంచిలో కీబోర్డులు తెచ్చుకుంది. ఉస్తాద్‌కు కంప్యూటర్లు దొరుకుతాయి గానీ కీబోర్డులు దొరకవు. అవి బడివాళ్ళే తెచ్చుకోవాలి. మీ బళ్ళో మూలన ఏవుంటే అవి తెచ్చుకోండి అని ఫోన్ చేసి చెప్పేది ఏటా ఓబులేసే. ఈ ఏడూ అతనే చెప్పాడు.

"మా పిల్లోళ్ళు బడి గేటు కాడనే కూర్చోనుండారు సాబ్," అంది రుక్మిణమ్మ ఉస్తాద్‌తో. "ఈపొద్దు కంప్యూటర్లు చూపిస్తానని మాటిచ్చి వచ్చినా."

"పోతాయిలేమ్మా, చక్కగా పోతాయి," అన్నాడు ఉస్తాద్.

సంచిలోంచి ఒక కీబోర్డు తీసి మొదటి కంప్యూటరుకు తగిలించారు. ఓబులేసు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు. ఉస్తాద్ వెనక నిలబడ్డాడు. ఊళ్ళోవాళ్ళు మెడలు సాచి చూస్తున్నారు. జైబు గోడవారగా నిలబడింది. అక్కడే నిలబడాలని ఓబులేసే చెప్పాడు.

సీడీ పెట్టాడు. తెర మీద మొదటి ప్రశ్న వచ్చింది. ఎంటర్ నొక్కాడు. కంప్యూటరు గుర్రుమని సీడీని చదివింది. రెండో తెర వచ్చింది, ఏ భాష కావాలో చెప్పమంటూ.

ఓబులేసు తెలుగు దగ్గరికి దిగడానికి కీ నొక్కాడు. తెర కదలలేదు. మళ్ళీ నొక్కాడు. పక్క కీ నొక్కాడు. అన్ని కీలూ నొక్కాడు. తెర మాత్రం ఏ భాష కావాలో చెప్పమంటూ అట్లాగే ఉంది.

కంప్యూటరు ఆపి మళ్ళీ వేశాడు. మొదటి ప్రశ్నకు కీబోర్డు పలికింది. రెండో ప్రశ్నకు మళ్ళీ మూగబోయింది. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఏమైంది సార్?" అని రుక్మిణమ్మ మెల్లగా అడిగింది.

నా బల్ల మీద నడిచింది కదా, అనుకున్నాడు ఓబులేసు. మొన్న నడిచింది ఈరోజు ఎందుకు నడవదు? మధ్యలో ఎవరు ముట్టుకున్నారు? ఆ ప్రశ్నకు అతని దగ్గర జవాబు ఎప్పటినుంచో సిద్ధంగా ఉంది. కుర్చీలోనే వెనక్కి తిరిగాడు.

"నువ్వేమన్నా చేసినావా దీన్ని?"

జైబుకు మొదట అర్థం కాలేదు. తన వెనక ఎవరన్నా ఉన్నారేమోనని కూడా చూసింది.

"నిన్నే అడిగేది. సీడీలు రైట్ చేసింది నువ్వే కద? నాది నడవగూడదని ఏం మార్చినావు దీంట్లో? అందరి ముందర చెప్పు."

జైబు ముఖం పాలిపోయింది. ఇన్నాళ్ళూ ఓబులేసు చూడాలని కోరుకున్న ముఖం అదే. తీరా ఎదురుగా కనిపిస్తే చూడబుద్ధి కాలేదు.

"నువ్విచ్చిన మూట నేను విప్పనే లేదన్నా," అంది. "ఎట్లుంటే అట్లనే ఎక్కించినా."

కళ్ళు తుడుచుకోలేదు. బల్ల వెనక్కి వెళ్ళి వంగి, కీబోర్డు తీగ పట్టుకుని చివరిదాకా పోయింది. చివర ఉన్నది ఊడబెరికి తెచ్చి చూపించింది.

"అన్నా, ఇది గుండ్రం పిన్నుది."

"మా బళ్ళో ఉండేవన్నీ అవే," అంది రుక్మిణమ్మ, తప్పేదో తనదన్నట్టు. "ఏవుంటే అవి తెమ్మంటిరి కద సార్."

ఉస్తాద్ గదిలో ఉన్నవన్నీ ఇప్పటి చదును పిన్ను యూఎస్‌బీ కీబోర్డులు. ఓబులేసు తన సీడీని పరీక్షించింది వాటితోనే. మొదటి ప్రశ్న దాకా కంప్యూటరు తన సొంత తెలివితో నడుస్తుంది, అప్పుడు ఏ కీబోర్డయినా పలుకుతుంది. ఆ తర్వాత దాన్ని నడిపించేది సీడీలోని మూట. అందులో పాతకాలపు గుండ్రం పిన్ను కీబోర్డుకు మాట నేర్పే ముక్క లేదు. ఇదెవడు వాడతాడు ఇప్పుడు అనుకుంటూ తీసేసిన చేతులు ఇప్పుడు బల్ల మీద ఉన్నాయి. గదిలోని కీబోర్డు తగిలిస్తే ఈ ఒక్కటీ లేస్తుంది. కానీ బడికి పోయాక అన్నీ మూగవే.

ఊళ్ళోవాళ్ళలో ఒకాయన బయటికి పోయి జీపు డ్రైవరుతో ఏదో చెప్పి వచ్చాడు. ఓబులేసు తెర వైపు చూడలేక, మనుషుల వైపు చూడలేక, కీబోర్డు మీది అక్షరాల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఉస్తాద్ తిడితే బాగుండుననిపించింది. తిడితే ఏదో ఒకటి అనడానికి ఉంటుంది.

ఉస్తాద్ తిట్టలేదు. అలమరలోంచి, పాత డ్రైవర్లన్నీ అట్లాగే ఉన్న జైబు సీడీ తీసుకొచ్చాడు. కంప్యూటరు మీది బొత్తాం నొక్కి ఓబులేసు సీడీని బయటికి తీశాడు.

"చేతులు చాపప్పా."

ఓబులేసు చాపాడు. ఉస్తాద్ ఒక అరచేతిలో ఒక సీడీ, రెండో అరచేతిలో రెండోది పెట్టాడు.

"ఏది తేలిగ్గా ఉండాది?"

ఓబులేసు ఇది ఎగతాళా అని ఆయన ముఖం చూశాడు. కాదు. ఉస్తాద్ జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. ఓబులేసు రెండు చేతులూ కాస్త పైకీ కిందికీ ఆడించాడు.

"రెండూ ఒకటే ఉస్తాద్."

"అట్లెట్ల? నీది సగమే కద నింపినావు." ఉస్తాద్ వంగి అతని చేతిలోని సీడీని వేలితో తట్టాడు. గొంతులో కోపం లేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగాడు. "మిగిలిన జాగాలో ఏం పెట్టినావప్పా?"

జైబు ఇంకా ఆ గుండ్రం పిన్ను పట్టుకుని బల్ల పక్కనే నిలబడి ఉంది. ఓబులేసు ఆమెను చూశాడు.

తర్వాత తన సీడీని బల్ల మీద బోర్లా పెట్టాడు. ఆమె సీడీని కంప్యూటరులో పెట్టి లోపలికి తోశాడు. కుర్చీలోంచి లేచాడు.

"కూర్చో జైబూ," అన్నాడు.